చలికాలంలో నీళ్ళ బాయిలర్ పాడైతే...



కళ్యాణదుర్గం అంటే అందరికీ ఎండలు, కరువు గుర్తుకొస్తాయి. ఇక్కడి చలి గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. కానీ డిసెంబర్ వచ్చిందంటే తెల్లవారుజామున మన మెట్ట మీద గాలి ఎంత చురుక్కుమంటుందో, కంబదూరు, కుందుర్పి, బ్రహ్మసముద్రం వైపు నుండి మొదటి బస్సుకు వచ్చే రోగులను అడిగితే చెబుతారు. ఆ రెండు నెలలూ చాలా ఇళ్ళలో పొద్దున్నే ముందుగా వెలిగేది వంట పొయ్యి కాదు, నీళ్ళ పొయ్యి. కొందరికి రాగి బాయిలర్ ఉంటుంది. కొందరు హండాలో కాగబెట్టుకుంటారు. ఈ మధ్య చాలామంది కరెంటు రాడ్డుకూ, గీజరుకూ మారారు.

అవి సరిగా పనిచేసినంత కాలం మనకు వాటి ఊసే ఉండదు. పాడైన రోజున మాత్రం ఇంట్లో అందరికీ తొందర. పిల్లలకు స్కూలు వేళ, పెద్దాయనకు ఒళ్ళు నొప్పులు, లోపల బాలింత. అప్పుడు ఏదో ఒక ఏర్పాటు చేస్తాం. చలికాలంలో నేను చూసిన ప్రమాదాలు చాలా వరకు ఆ "ఏదో ఒక ఏర్పాటు" వల్ల వచ్చినవే. అందుకే ఈసారి ఈ విషయం తీసుకున్నాను.

పొగ లేని నిప్పు

కొన్నేళ్ళ క్రితం ఒక జనవరిలో, ఇంకా చీకటి ఉండగానే ఒక కుటుంబాన్ని ఆటోలో తెచ్చారు. ఒక అవ్వ, ఆమె కోడలు, ఇరవై రోజుల పసిబిడ్డ. "రాత్రి తిన్నది పడలేదు సిస్టరమ్మా, ఇద్దరికీ తల నొస్తాంది, వాంతులు" అన్నాడు కొడుకు. కోడలు పిలిస్తే పలుకుతోంది కానీ కళ్ళు తెరిచి ఉంచలేకపోతోంది. బిడ్డ పాలు పట్టడం లేదు. అదే అన్నం తిన్న కొడుకుకు మాత్రం ఏమీ కాలేదు. అతను బయట పడసాలలో పడుకున్నాడు.

అడగగా అడగగా సంగతి బయటకు వచ్చింది. వాళ్ళ రాగి బాయిలర్‌కు అడుగున మాటు ఊడి నీళ్ళు కారి, మంట నిలవడం లేదట. బాలింతకు రెండు పూటలా కాగు నీళ్ళు కావాలి కదా అని పెరట్లో మూడు రాళ్ళు పెట్టి, కంప కట్టెలతో హండాలో కాగబెట్టారు. రాత్రి మిగిలిన నిప్పులు బాగా ఎర్రగా ఉన్నాయి, పొగ లేదు. వాటిని పారేయడం ఎందుకని ఇనుప బాండ్లిలోకి ఎత్తి, బాలింత గదిలో మంచం పక్కన పెట్టారు. గాలి తగలకూడదని కిటికీకి గోనెపట్ట కట్టారు, తలుపు గడియ వేశారు.

పొగ లేదు కాబట్టి ప్రమాదం లేదనుకున్నారు. ఇందులోని చిక్కంతా అక్కడే ఉంది. మండుతున్న కట్టె పొగ వేస్తే మనకు దగ్గు వస్తుంది, కళ్ళు మండుతాయి, లేచి బయటకు పోతాం. ఎర్రటి నిప్పులు, బొగ్గులు అలా కాదు. అవి తగినంత గాలి అందక నెమ్మదిగా కాలుతూ కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును ఎక్కువగా వదులుతాయి. దానికి రంగు లేదు, వాసన లేదు, దగ్గు తెప్పించదు. మన రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే ఈ వాయువు రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. ఊపిరి ఆడుతూనే ఉంటుంది, కానీ మెదడుకు, గుండెకు అందవలసింది అందదు. ముందు తలనొప్పి, తల తిరగడం, వికారం. తరువాత మత్తు. ఆ మత్తును మనం నిద్ర అనుకుంటాం.

ఇది పల్లెటూరి వాళ్ళకే జరిగేది కాదు. 2020 జనవరిలో కేరళ నుండి నేపాల్‌లోని దామన్ అనే కొండ ప్రాంతానికి విహారానికి వెళ్ళినవాళ్ళలో ఎనిమిది మంది ఒకే హోటల్ గదిలో చనిపోయారు. వారిలో నలుగురు పిల్లలు. చలికి తట్టుకోలేక గదిలో గ్యాస్ హీటర్ పెట్టుకుని, తలుపులు, కిటికీలు మూసుకుని పడుకున్నారు.

గుర్తు పట్టడం ఎలా అని అడుగుతారు. ఒకే గదిలో పడుకున్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వాంతులు వస్తే, జ్వరం లేకపోతే, బయటకు వచ్చి కూర్చుంటే కాస్త తేలికగా ఉంటే ముందు దీన్నే అనుమానించాలి. వెంటనే అందరినీ ఆరుబయటకు తీసుకురండి. తలుపులు, కిటికీలు బార్లా తెరవండి. కానీ నిప్పు ఆర్పే పని పెట్టుకుని గదిలోనే ఉండిపోకండి. 108కి ఫోన్ చేయండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్ళు, మజ్జిగ, సోడా ఏదీ పోయవద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఊపిరి ఆగితే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి.

ఆసుపత్రిలో మేము చేసే ముఖ్యమైన వైద్యం మాస్కు ద్వారా పూర్తి ఆక్సిజన్ ఇవ్వడం. మామూలు గాలి పీల్చుకుంటూ ఉంటే రక్తంలోని ఆ విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. ఆక్సిజన్ పెడితే గంట, గంటన్నరలో సగం తగ్గుతుంది. గర్భిణి అయితే తల్లికి బాగైనట్లు కనిపించినా కడుపులో బిడ్డకు ఆలస్యంగా తగ్గుతుంది కాబట్టి ఇంకా ఎక్కువసేపు ఉంచుతాము. "బాగుంది కదా సిస్టర్, పంపించండి" అని బలవంతం చేయవద్దు.

ఇంకొక మాట. కోవిడ్ రోజుల్లో చాలామంది వేలికి తగిలించే ఆక్సిజన్ మీటర్ కొన్నారు. ఈ విషయంలో దాన్ని నమ్మవద్దు. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని కూడా అది ఆక్సిజన్ ఉన్న రక్తంగానే లెక్కపెట్టి 98, 99 చూపిస్తుంది. మీటర్ బాగానే చూపిస్తోందని మనిషిని ఇంట్లోనే పడుకోబెట్టకండి.

నిప్పుల పక్కన గిన్నెతో నీళ్ళు పెడితే విషం లాగేస్తుందని కొందరు నమ్ముతారు. లాగదు.

ఆ ముగ్గురూ కోలుకున్నారు. బిడ్డ రెండో రోజు పాలు బాగా పట్టింది. అవ్వకు మాత్రం మతిమరుపు తగ్గడానికి కొన్ని వారాలు పట్టింది.

బాలింత గది గురించి

మన ప్రాంతంలో బాలింతకు గాలి తగలకూడదని, సలసల కాగే నీళ్ళు పోయాలని, తరువాత సాంబ్రాణి పట్టాలని పెద్దవాళ్ళు చెబుతారు. పెద్దవాళ్ళను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. వెచ్చగా ఉంచాలన్న వాళ్ళ ఆలోచన మంచిదే. పుట్టిన బిడ్డ తన వేడిని తాను కాపాడుకోలేదు, శరీరం 36.5 డిగ్రీల కంటే చల్లబడకూడదు. అయితే ఆ వెచ్చదనం నిప్పుల బాండ్లి నుండి రానక్కరలేదు. తల్లి రొమ్ము మీద, చర్మానికి చర్మం తగిలేలా బిడ్డను పెట్టుకుని, పైన దుప్పటి కప్పుకుంటే చాలు. తలకు టోపీ, కాళ్ళకు సాక్సు వేయండి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలను మా వార్డులో ఇలాగే కాపాడుతున్నాము. దీనికి కరెంటు అక్కరలేదు, కట్టెలు అక్కరలేదు.

పుట్టిన మొదటి 24 గంటలు బిడ్డకు స్నానమే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ తరువాత కూడా చలికాలంలో రోజూ తలస్నానం అవసరం లేదు. బాయిలర్ పాడైన రోజున గోరువెచ్చని గుడ్డతో తుడిస్తే ఏ లోటూ లేదు. సాంబ్రాణి పొగ పసిబిడ్డ ఊపిరితిత్తులకు మంచిది కాదు. తల్లి జుట్టు ఎండలో ఆరబెట్టుకోవచ్చు. మన ఊళ్ళో కరువు లేనిది ఎండకే కదా.

బాయిలర్‌ను ఎప్పుడు చూపించాలి

రాగి బాయిలర్ పనితీరు చాలా సులువు. బయట నీళ్ళ డ్రమ్ము, నడుమ పొగగొట్టం, అడుగున నిప్పు నిలిచే జల్లెడ, దాని కింద బూడిద. ఆ గొట్టం చుట్టూ ఉన్న నీళ్ళు కాగుతాయి. నీళ్ళు ఉన్నంతసేపు రాగి మరీ వేడెక్కదు. నీళ్ళు లేకుండా మంట పెడితే మాత్రం అతుకుల దగ్గర మాటు కరిగిపోతుంది. బాయిలర్లు కారడానికి ఇదొక పెద్ద కారణం. అందుకే ముందు నీళ్ళు, తరువాత నిప్పు. మూత మీద బరువు పెట్టి ఆవిరి పోకుండా బిగించకండి. పొగగొట్టంలో మసి పేరుకుంటే పొగ పైకి పోక వెనక్కి తన్నుతుంది. నెలకొకసారి గొట్టం దులపాలి. శనక్కాయ పొట్టు వేసే ఇళ్ళలో బూడిద త్వరగా నిండుతుంది, ఇంకా ముందే తీయాలి.

కారుతున్న బాయిలర్‌ను సబ్బు ముద్దతో, సిమెంటుతో పూసి నడిపించేవాళ్ళు ఉన్నారు. అది ఒక వారం ఆగుతుంది, తరువాత సరిగ్గా చలి ముదిరిన రోజే ఊడుతుంది. మాటు వేసేవాళ్ళకు వానాకాలం చివరలోనే చూపిస్తే తీరిగ్గా చేసిస్తారు. మాటు వేయడానికి వాడే లోహంలో సీసం ఉండవచ్చు కాబట్టి ఆ బాయిలర్ నీళ్ళు స్నానానికే గాని వంటకు, తాగడానికి వాడకండి. మాటల్లో మాట, బోరు నీళ్ళు కాగబెడితే ఫ్లోరైడ్ పోతుందనుకునేవాళ్ళు మన దగ్గర ఇంకా ఉన్నారు. పోదు. నీళ్ళు ఇగిరే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, బాయిలర్ ఉండవలసిన చోటు ఆరుబయట. చలికి బయటకు వెళ్ళలేక దాన్ని తలుపున్న స్నానాల గదిలోకి తెచ్చి పెట్టుకున్న ఇళ్ళు చూశాను. గ్యాస్ గీజర్ కూడా అంతే. అది కూడా లోపల మంట మండే వస్తువే. స్నానాల గదిలో బిగిస్తే మూసిన తలుపు వెనుక మనిషి పడిపోయినా బయటవాళ్ళకు తెలియదు.

కరెంటు రాడ్డు

బాయిలర్ పోయిందనగానే బజారుకు వెళ్ళి తెచ్చేది ఇదే. ధర తక్కువ, పని త్వరగా అవుతుంది. కానీ మన బోరు నీళ్ళు గట్టి నీళ్ళు. కొన్నాళ్ళకే రాడ్డు మీద తెల్లటి సున్నపు పొర కడుతుంది. ఆ పొర వేడిని నీళ్ళలోకి పోనివ్వదు. లోపలి తీగ మరీ వేడెక్కి, పైన గొట్టం పగులుతుంది. అప్పుడు కరెంటు నేరుగా నీళ్ళలోకి వస్తుంది. ప్లగ్గు తీసి, రాడ్డు పూర్తిగా చల్లారిన తరువాత నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళలో కాసేపు ఉంచితే పొర వదులుతుంది. కత్తితో గీకకండి. పగులు కనబడినా, నీళ్ళలో జుమ్మని తగిలినా ఇక దాన్ని బాగు చేయించడం కాదు, పారేయడమే.

స్విచ్ ఆపడమే కాదు, ప్లగ్గు కూడా తీసిన తరువాతే నీళ్ళలో చేయి పెట్టాలి. వేడి చూడడానికి వేలు ముంచే అలవాటు ప్రాణాలు తీసింది. ఇనుప బకెట్ వద్దు. తడి కాళ్ళతో తాకవద్దు. మూడు పిన్నుల పెద్ద ప్లగ్గును రెండు పిన్నుల బోర్డులో ఎలాగో ఇరికించడం వద్దు, ఎర్త్ అందదు.

ఎర్త్ గురించి మన జిల్లాలో ప్రత్యేకంగా చెప్పాలి. ఇంటి పక్క గుంటలో బొగ్గు, ఉప్పు వేసి పూడ్చిన ఆ కమ్మీ పనిచేయాలంటే చుట్టూ మట్టి తడిగా ఉండాలి. వర్షం లేని మన నేలలో గుంట ఎండిపోయి ఎర్త్ పేరుకు మాత్రమే ఉంటుంది. అప్పుడప్పుడు ఆ గుంటలో రెండు బిందెల నీళ్ళు పోయండి. బట్టలు జాడించిన నీళ్ళయినా సరిపోతాయి. వీలైతే ఎలక్ట్రీషియన్ చేత 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. కరెంటు దారి తప్పిన క్షణంలోనే అది లైను ఆపేస్తుంది.

ఎవరికైనా షాక్ కొడితే పట్టుకుని లాగకండి. ముందు మెయిన్ ఆపండి. అది అందకపోతే ఎండిన కట్టెతో తీగను తోసేయండి.

కాలితే

కాగిన హండాను ఇద్దరు పట్టుకుని పెరటి నుండి స్నానాల గదికి మోసుకెళ్ళడం, మధ్యలో పిల్లవాడు అడ్డం రావడం. చలికాలంలో మా దగ్గరకు వచ్చే కాలిన గాయాల వెనుక చాలాసార్లు ఇదే కథ. 60 డిగ్రీల వేడి నీళ్ళు పెద్దవాళ్ళ చర్మాన్ని కూడా ఐదు సెకన్లలో లోతుగా కాల్చగలవు. పసివాళ్ళ చర్మానికి అంతసేపు కూడా పట్టదు. బకెట్‌లో ముందు చన్నీళ్ళు పోసి, తరువాత వేడినీళ్ళు కలపండి. కాగిన గిన్నెను సగమే నింపి, మూత పెట్టి మోయండి. పసిబిడ్డకు పోసే ముందు మీ మోచేతితో చూడండి.

కాలిన వెంటనే చల్లటి మామూలు నీళ్ళు 20 నిమిషాలు పోయాలి. నీళ్ళు మూడు నాలుగు రోజులకొకసారి వచ్చే వీధుల్లో 20 నిమిషాలంటే కొందరు నవ్వుతారు. శుభ్రమైన బేసిన్ కింద పెట్టండి, చెంబుతో పోయండి, బేసిన్‌లోని నీళ్ళే మళ్ళీ పోయండి. ఒక బిందె చాలు. గాయం అయి మూడు గంటల లోపు ఎప్పుడు చేసినా ఉపయోగమే. గాయం మీద మాత్రమే పోస్తూ మిగతా ఒంటికి దుప్పటి కప్పండి, చలికి పిల్లలు త్వరగా చల్లబడతారు. ఐస్ పెట్టవద్దు. పేస్టు, సిరా, పసుపు, కోడిగుడ్డు సొన పూయవద్దు. అవన్నీ కడిగి తీయడానికి మేము పడే పాటు కంటే, తీసేటప్పుడు ఆ బిడ్డ పడే బాధ ఎక్కువ. బొబ్బలు చిదపకుండా శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి తీసుకురండి.

షుగర్ ఉన్నవాళ్ళు ఇది రెండుసార్లు చదవండి. ఏళ్ళ తరబడి షుగర్ ఉంటే పాదాలకు స్పర్శ తగ్గుతుంది. చలికి కాళ్ళు నిప్పు దగ్గర చాపినా, వేడినీళ్ళలో పెట్టినా కాలిందని తెలియదు. పొద్దున లేచి చూస్తే బొబ్బ. ఆ బొబ్బ నుండి వేలు తీసేయవలసి వచ్చినవాళ్ళు ఉన్నారు. మీకు సాక్సులు, కంబళి చాలు. నీళ్ళ వేడి ఇంట్లో వేరొకరిని చూడమనండి.

వేడినీళ్ళు లేని రోజులు

బాయిలర్ బాగయ్యే దాకా రెండు మూడు రోజులు గడపడం కష్టం కాదు. నల్లటి డ్రమ్మో, మూత పెట్టిన స్టీలు బిందెలో పొద్దున ఎండలో పెట్టండి. మధ్యాహ్నం రెండు గంటలకు స్నానానికి సరిపడా వెచ్చబడతాయి. తెల్లవారుజామునే స్నానం చేయాలన్న నియమం రోగులకు లేదు. మంచం పట్టిన పెద్దవాళ్ళకు గ్యాస్ పొయ్యి మీద రెండు చెంబులు కాగబెట్టి, మేము వార్డులో చేసినట్లు గుడ్డతో తుడవండి. ముఖం, చేతులు, చంకలు, వీపు, చివరగా కాళ్ళు. ఒక్కో భాగం తుడిచి, వెంటనే ఆరబెట్టి, కప్పి, తరువాతి భాగానికి వెళ్ళాలి. ఒళ్ళంతా ఒకేసారి విప్పకండి. గది మరీ చల్లగా ఉండకుండా 18 డిగ్రీలు మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. పగలు ఎండను లోపలికి రానిచ్చి, సాయంత్రం కిటికీలు మూసుకుంటే మన ఇళ్ళలో చాలావరకు అది దొరుకుతుంది.

ఇంగ్లాండ్‌లో ఉన్న మన పిల్లలు

నర్సులుగా, విద్యార్థులుగా ఇంగ్లాండ్ వెళ్ళిన పిల్లల తల్లిదండ్రులు మన సంఘాల్లోనూ ఉన్నారు. అక్కడ బాయిలర్ అంటే స్నానానికే కాదు, ఇల్లంతా వెచ్చగా ఉంచేది అదే. చాలా ఇళ్ళలో గ్యాస్‌తో నడుస్తుంది. అది పోతే ఆ మంచులో వాళ్ళ అవస్థ మన అవస్థ కంటే పెద్దది. అద్దె ఇల్లయితే ఏటా ఒకసారి గ్యాస్ పరికరాలను పరీక్ష చేయించడం ఇంటి యజమాని బాధ్యత అని అక్కడి చట్టం. గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో పేరున్న పనివాడే బాయిలర్ గ్యాస్ పని చేయాలి, అతని దగ్గర గుర్తింపు కార్డు ఉంటుంది. గట్టి మంచు కురిసినప్పుడు బయటి సన్న ప్లాస్టిక్ గొట్టం గడ్డకట్టి బాయిలర్ ఆగిపోవడం అక్కడ మామూలే. దాని మీద వేడినీళ్ళు పోస్తే చాలు, మరిగే నీళ్ళు పోస్తే గొట్టం పగులుతుంది. గ్యాస్ వాసన వచ్చినా, కార్బన్ మోనాక్సైడ్ అనుమానం ఉన్నా ఇంట్లోంచి బయటకు వచ్చి 0800 111 999కి ఫోన్ చేయాలి. బొగ్గుల బార్బెక్యూను ఇంట్లోకి తెచ్చి చలి కాచుకోవడం అక్కడా ప్రాణాల మీదకే.

ఇంగ్లాండ్‌లో 2022 అక్టోబర్ 1 నుండి గ్యాస్ బాయిలర్ ఉన్న గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టడం అద్దె ఇళ్ళ యజమానులకు తప్పనిసరి అయింది. ఆదివారం పిల్లలు ఫోన్ చేసినప్పుడు తిన్నావా, పడుకున్నావా అని అడిగిన తరువాత ఆ అలారం ఉందా అని కూడా అడగండి. ఉందంటే, దాని మీద ఉన్న పరీక్ష బటన్ నొక్కి ఆ శబ్దాన్ని మీకు ఫోన్‌లో వినిపించమనండి.